నానబెట్టిన దానా

నిన్న సాయంత్రం మా ఇంద్రేశం కాలనీ సందులోకి చింతకాయల బండి వచ్చింది. పచ్చి కాయలు, ఇంకా గింజ కూడా గట్టిపడనివి. బండాయన ఒకదాన్ని విరిచి చేతికిచ్చాడు. నోటిదాకా పోనేలేదు, ఆ పులుపు వాసనకే చెవుల కింద రెండువైపులా జివ్వుమని లాగింది, నాలుక కింద ఊట పుట్టింది. అక్కడే నిలబడిపోయాను. "ఏమైందమ్మా, పుల్లగ లేదా?" అని ఆయన పరేషానయ్యాడు. పుల్లగానే ఉంది నాయనా అని చెప్పి, ఇన్ని కాయలు కొంగులో పోయించుకుని ఇంటికొచ్చాను. పాత పాట వింటే ఎవరో ఒకరు గుర్తొస్తారని అంటుంటారు. నాకు నోరూరితే సరోజన మేడం గుర్తొస్తారు. వినడానికి అంత బాగుండదు గానీ, నిజం మాత్రం అదే.

డాక్టర్ సరోజన నా మొదటి బాస్. ఎనభైల చివర్లో, పటాన్‌చెరులో ఒక చిన్న మందుల కంపెనీ వెనకభాగంలో మూలికల ల్యాబ్ నడిపేవారు. ముందు బాయిలర్ రొద, పక్క ఫ్యాక్టరీల నుంచి పేరు తెలియని వాసనలు, మధ్యలో మా మూడు గదులు. నేను జోగిపేట దగ్గర రైతుల ఇంటి పిల్లను. మా ఇంట్లో ఎమ్మెస్సీ చదివిన మొదటి మనిషిని కాబట్టి తల కాస్త ఎగరేసే నడిచేదాన్ని. నోటి దురుసు కూడా ఉండేది, ఇప్పుడూ పూర్తిగా పోలేదు. మేడంది సంగారెడ్డి. యాభై ఏళ్ళ మనిషి, ముదురు రంగు నేత చీర, చేతిలో ఎప్పుడూ ఇత్తడి మరచెంబు. రెండు మాటలకోసారి మూత తిప్పడం, ఒక గుక్క తాగడం, మళ్ళీ మూత బిగించడం. కార్మికులు ఆమె వినకుండా 'మరచెంబు మేడం' అనేవాళ్ళు. షుగరేమో అని నేను మొదటిరోజే తీర్పు చెప్పేసుకున్నాను.

ఆ ల్యాబులో ఒక ఆచారం ఉండేది. కొత్తగా చేరినవాళ్ళు ఎవరైనా సరే, ముందు పరీక్షగొట్టాలను ముట్టుకోకూడదు. మేడం నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, రెండు బుగ్గల్లోనూ నాలుక కిందా దూది ఉండలు పెట్టించారు. కాసేపు కబుర్లు చెప్పారు. దూది నా నోట్లోని తడినంతా పీల్చేశాక, స్టీలు డబ్బా తెరిచి పిడికెడు సత్తుపిండి చేతిలో పోశారు. బతుకమ్మ పండుగకు చేసే పిండే, పెసలు వేయించి విసిరి బెల్లం కలిపింది. "తిను" అన్నారు. నేను చిన్నప్పటి నుంచి ఇష్టపడి తిన్న పిండి అది. ఆ రోజు నోట్లో పెట్టుకుంటే ఇసుకలా అంగిటికి అంటుకుపోయింది. తీపి తెలియలేదు. మింగబోతే గొంతులో అడ్డంపడింది. కళ్ళ నీళ్ళు పెట్టుకుని నీళ్ళ కోసం చేయి చాపాను.

మేడం తన మరచెంబు ఇచ్చి, నేను తేరుకున్నాక అన్నారు. "ఇన్ని దినాలసంది తిండి తింటున్నవ్, మాట్లాడుతున్నవ్. గీ తడి ఎవ్వరిస్తున్నరో ఎన్నడన్న ఆలోచించినవా? చెవుల కింద, దవడ కింద, నాలుక కింద ఊటలున్నయ్. నువ్వు అడగకుండనే ఇస్తయ్. నాకు చెంపల గడ్డ అయితే కరెంటు పెట్టిండ్రు. గడ్డ పోయింది. దాంతోటి ఊటలు గూడ పోయినయ్. నువ్వు గిప్పుడు ఒక్కసారి తిన్న పిండి, నేను పూటపూటకు తింట."

మా వైపు రేడియేషన్ చికిత్సను కరెంటు పెట్టడం అనే అంటారు, ఇప్పటికీ. మేడం డాక్టరేట్ చేసిన మనిషై ఉండి కూడా ఆ మాటే వాడేవారు. షుగరని తేల్చేసిన నా తెలివి ఎంతదో అప్పుడు తెలిసింది.

మా పని మామిడాకులతో. సంగారెడ్డి తోటల నుంచి బస్తాల్లో వచ్చే ఆకును ఎండబెట్టి, నలగ్గొట్టి, మరిగించి, వడకట్టి చివరికి పసుపుపచ్చని పొడి తీసేవాళ్ళం. దాని పేరు మాంగిఫెరిన్. కిరణం తగిలినప్పుడు ఒంట్లోని కణాల్లో నిప్పురవ్వల్లాంటి పదార్థాలు పుడతాయి, గడ్డను కాల్చేవీ అవే, పక్కనున్న లాలాజల గ్రంథులను కాల్చేవీ అవే. ఈ పొడి ముందుగానే గ్రంథుల దగ్గర ఉంటే ఆ రవ్వలను ఆర్పుతుందేమో, ఊట ఎండకుండా మిగులుతుందేమో అని మేడం ఆశ. బస్తాలు దింపే హమాలీలు మా ల్యాబుకు 'తోరణాల కార్ఖానా' అని పేరు పెట్టారు. పండుగలప్పుడు గేటుకు కట్టే తోరణం కూడా మా బస్తాలోదే.

ఒకసారి నేను ఉండబట్టలేక అడిగాను. "ఈ మందు తయారైతే మీరు గూడ వాడొచ్చా మేడం?"

మేడం నవ్వారు. ఆమె నవ్వితే పెదవి పగిలి నెత్తురు చిమ్మేది, అందుకని నవ్వు మధ్యలోనే ఆపుకునేవారు. "ఇది ఎండకముందు కాపాడేది అనసూయా. ఎండినంక నింపేది కాదు. నా బాయి ఎన్నడో ఎండింది."

"మరి మీకెందుకు గింత తండ్లాట?"

"నేను గుంతల పడ్డ. గుంతలకెల్లి మొత్తుకుంట కూసుంటే ఏం ఫాయిదా? ఎనకొచ్చేటోళ్ళకు ఒక రాయన్న అడ్డం పెడ్త" అని మరచెంబు మూత బిగించి పనిలో పడిపోయారు. నాకు ఆమె మీద గౌరవం ఎప్పుడు పుట్టిందని ఎవరైనా అడిగితే ఆ మాటే చెబుతాను.

పొడి ఉంటే సరిపోదు, పని చేస్తుందని ఎలుకల మీద చూపించాలి. ఎలుకలకు కరెంటు పెట్టే యంత్రం మాకెక్కడిది? పట్నంలో ఒక ఆసుపత్రివాళ్ళు సెలవురోజున తమ యంత్రం వాడుకోనిస్తామన్నారు. తీరా ఆ రోజు మా కంపెనీ వ్యాను మొరాయించింది. మేడం వెనక్కి తగ్గే రకం కాదు. ఎలుకల పెట్టెలు వెదురుబుట్టల్లో సర్ది, పైన తడిగుడ్డ కప్పి, నేనూ ఆమే పటాన్‌చెరు స్టాండులో ఆర్టీసీ బస్సెక్కాం. కండక్టరు బుట్ట వైపు అనుమానంగా చూశాడు.

"ఏందమ్మా అండ్ల? కోళ్ళా?"

"ఎలుకలు" అన్నారు మేడం. అబద్ధం ఆమెకు చేతకాదు.

"ఎలుకలా! కిరాయి పెట్టి పట్నం తోల్కపోతున్నరా? మా డిపోల ఉత్తగనే ఉన్నయ్ గదమ్మా, ఎన్నంటె అన్ని!"

బస్సంతా ఒకటే నవ్వు. నా పక్కన కూర్చున్న ముసలామె కాళ్ళు పైకి లాక్కుని, దిగేదాకా మళ్ళీ కింద పెట్టలేదు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మేడం మాత్రం నిలబడి, మరచెంబులోంచి గుక్కలు తాగుతూ, ఆ ఎలుకలెందుకో బస్సుకంతటికీ వివరించారు. దిగేటప్పుడు కండక్టరు తానే బుట్టలు అందించాడు. వాళ్ళ బావకు గొంతులో గడ్డట. "జల్దీ చెయ్యుండ్రమ్మా" అన్నాడు.

మేడం పెట్టిన నియమం ఒకటుంది. మందు ఇచ్చేవాళ్ళు వేరు, ఫలితం చూసేవాళ్ళు వేరు. "ఆశపడ్డ కండ్లకు అబద్ధం గూడ నిజంలెక్క కనవడ్తది" అనేవారు. అందుకని కరెంటుకు ముందు ఏ పెట్టెలో ఎలుకలకు మందు కలిపిన నీళ్ళు పట్టానో, ఏ పెట్టెలో ఉత్త నీళ్ళు పట్టానో నాకొక్కదానికే తెలుసు. మేడంకు తెలియదు. ఎలుకలను చూసుకునే మల్లేశంకూ తెలియదు. మల్లేశం ఇంద్రేశం మనిషి, కూలినాలి చేసుకునే కుటుంబం. ఫ్యాక్టరీలోకి రాకముందు ఊళ్ళో పశువులు కాసేవాడు. ఎలుకలను కూడా ఎడ్లను పిలిచినట్టే నాలుక కొట్టి పిలిచేవాడు.

ఉమ్మిని కొలిచే పద్ధతి మాకింకా పట్టుబడలేదు. తూకమే మా కొలత. ఎలుకల దానా అంటే ఎండు బిళ్ళలు, రాళ్ళలా ఉంటాయి. ఊట ఎండిన ఎలుక వాటిని మింగలేదు, చిక్కిపోతుంది. మందు పనిచేస్తే మందు తాగినవి చిక్కవు. ఇంత తేలిక లెక్క. కానీ వారాలు గడిచినా ఏ పెట్టెలోనూ తూకం తగ్గలేదు. అన్నీ బొద్దుగానే ఉన్నాయి. తేడా లేదంటే మందుకు విలువ లేనట్టే.

కంపెనీ యజమానిని అందరం పెద్దసారు అనేవాళ్ళం. చెడ్డమనిషేం కాదు, వ్యాపారి. మేడంను పిలిపించి నెమ్మదిగానే చెప్పాడు. "మేడం, నేనేం ఆశ్రమం నడుపుత లేను. మీరన్నట్టె రెండేండ్లు ఆగిన. మాత్రలు ప్యాక్ చేసేతందుకు జాగ సాలుత లేదు. వచ్చే నెల మీ గదులు ఖాళీ చెయ్యాలె." మేడం బయటికొచ్చి వరండాలో నిలబడ్డారు. నాకు ఏడుపొచ్చింది, ఆమె మీద కాదు, ఆ బొద్దు ఎలుకల మీద కోపంతో. ఆమె ఎండిన నోరు, అన్నేళ్ళ పని, ఆ కండక్టరు బావ గొంతు, అన్నీ ఆ ఎలుకల పొట్టల్లో మునిగిపోయినట్టనిపించింది.

"తూకం తగ్గకపోవుడేంది?" అన్నారు మేడం ఉన్నట్టుండి. "మందు పనిచెయ్యకపోతే అన్నీ చిక్కాలె. పనిచేస్తే సగమన్న చిక్కాలె. ఒక్కటి గూడ చిక్కలేదంటే ఎట్ల? కరెంటు పెట్టించుకున్నదాన్ని నేను. నాకు ఎరుక లేదా, ఎండుబిళ్ళ ఎట్ల దిగుతది?"

దానా వేసే వేళ అది. చెప్పాపెట్టకుండా ఎలుకల గదికి నడిచారు, వెనకాలే నేను. ఒక పెట్టె తెరిచి గిన్నెలో వేలు పెట్టారు. ఆ వేలు వెంటనే తీయలేదు. రొట్టె పప్పులో నానబెట్టుకుంటేనే తినగలిగే మనిషికి ఆ మెత్తదనం తెలియకుండా ఉంటుందా?

"మల్లేశం, దానా నానబెట్టినవా?"

మల్లేశం చేతిలోని చీపురు కిందపెట్టాడు. "తప్పయింది మేడం. కొన్ని తినలేకపొయ్యేటియి. నోట్లె పెట్టుకుంటయ్, నములుతయ్, మల్ల కక్కుతయ్. సూడబుద్ది గాలె. మా పండ్లుడిగిన ఎద్దుకు తవుడు నానబెట్టినట్టు, జెర నానబెట్టి పెట్టిన."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్ని నెలల కష్టాన్ని నీళ్ళల్లో కలిపినవు గదా అని గొంతు చించుకున్నాను. మేడం చెయ్యెత్తి నన్ను ఆపారు.

"అన్నిటికీ నానబెట్టినవా?"

"లేదు మేడం. తినేటియి కరకర తింటున్నయ్ గద, వాటికెందుకు? తినలేనియాటికే."

మేడం మరచెంబు మూత తిప్పబోయారు. మూత జారి నేలమీద దొర్లింది. దాన్ని తీసుకోలేదు. "ఏయేటికి పెట్టినవో సూపియ్యి" అన్నారు.

మల్లేశం ఒక పెట్టె చూపించాడు. మేడం నా వైపు తిరిగారు. "దీనికి ఏం పట్టినవ్?"

"నీళ్ళు మేడం."

ఇంకోటి చూపించాడు. "దీనికి?"

"నీళ్ళు."

మూడో పెట్టె దగ్గరికి వచ్చేసరికి నాకు అర్థమైపోయింది. "నీళ్ళే మేడం, నీళ్ళే" అంటున్నాను. వరసంతా తిరిగాం. ఒక్క పెట్టె దగ్గర మాత్రం మందే పట్టాను అని చెప్పాల్సొచ్చింది. నా ముఖం వాడిపోయింది. మేడం ముఖం ఇంకా వెలిగింది.

"మంచిదే! అన్నీ కుదిరితే నాకే అనుమానమొస్తుండె" అన్నారు.

ఏ ఎలుకకు మందు అందిందో తెలియని మనిషి, జాలిపడి, మందు అందనివాటిని దాదాపు పొల్లుపోకుండా ఏరి పెట్టాడు. మేం తూకంలో వెతికింది అతను నానబెట్టిన గిన్నెల్లో ఉంది. మల్లేశంకు ఇదేమీ తెలియదు, గోడకు ఆనుకుని బిక్కుబిక్కుమంటూ నిలబడ్డాడు. "నన్ను పనిలకెల్లి తీస్తున్నరా మేడం?" అని అడిగాడు.

"తీసుడా? తప్పు చేసినవ్, మల్ల చెయ్యకు. గని ఇయ్యాల నీ తప్పే మనల బతికించింది" అని మేడం నవ్వారు. ఈసారి మధ్యలో ఆపుకోలేదు. పెదవి పగిలింది, పట్టించుకోలేదు.

పెద్దసారుకు కాగితాలు చూపించలేదు. నేరుగా ఎలుకల గదికి తోలుకొచ్చి రెండు పెట్టెల్లో ఎండుబిళ్ళ వేయించారు. ఒక పెట్టెలో ఎలుక బిళ్ళను ముందుకాళ్ళతో పట్టుకుని కరకర కొరికి తినేసింది. రెండోదాంట్లో ఎలుక ఒక కొరుకు కొరికి నీళ్ళ సీసా దగ్గరికి ఉరికింది. మళ్ళీ ఒక కొరుకు, మళ్ళీ సీసా. పెద్దసారు చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే మేడం ఏదో చెప్పబోయి, గొంతు ఎండి, మరచెంబెత్తి ఒక గుక్క తాగారు. ఆయన ఎలుకను చూశాడు, మేడంను చూశాడు, మళ్ళీ ఎలుకను చూశాడు. "ప్యాకింగు ఇంకెక్కడన్న పెట్టుకుంట" అని వెళ్ళిపోయాడు.

నాకైతే ఆ రోజే డప్పు కొట్టించాలనిపించింది. మేడం ఒప్పుకోలేదు. "గిది రుజువు గాదు, దారి. మల్ల మొదటికెల్లి చెయ్యాలె" అన్నారు. చేశాం. ఈసారి అన్నిటికీ ఎండుదానాయే. మల్లేశం బతిమాలితే, కొలతలు తీసుకున్న మరుక్షణం అన్నిటికీ నానబెట్టి పెట్టొచ్చని అనుమతి ఇచ్చారు. దూదితో ఉమ్మి తీసి తూచడం కూడా నేర్చుకున్నాం. తేడా నిలబడింది. అప్పుడు పట్నం ఆసుపత్రిలోని కుర్ర డాక్టరు ఒక ప్రశ్న వేశాడు. గ్రంథిని కాపాడే మందు గడ్డను కూడా కాపాడితే ఎలా? ఒళ్ళు మండి ఆ పిల్లవాణ్ణి మనసులోనే తిట్టుకున్నాను. మేడం మాత్రం "నేనే అడగాల్సిన ప్రశ్న, ఎట్ల మర్చిపోయిన!" అని అతని వీపు తట్టారు. ఆ జవాబు కోసం ఇంకా కొన్నేళ్ళు పోయాయి. మందు ఉన్నా లేకున్నా ఎలుకల్లో గడ్డ ఒకేలా కరిగిందని తేలాకే ఆమె రోగుల మాట ఎత్తారు. తొంభైలు దాటి రెండువేలు వచ్చాయి. కరెంటుకు ముందు ఆ పసుపు నీళ్ళను కాసేపు నోట్లో ఉంచుకుని మింగడం, అంతే చికిత్స. ఆసుపత్రివాళ్ళు లెక్కలు విప్పి చూపిన రోజున, మందు అందినవాళ్ళలో ఎక్కువమందికి నోరు తడిగా ఉంది. అందరికీ కాదు, ఎక్కువమందికి. మేడం ఆ మాటను నాతో రెండుసార్లు చెప్పించుకుని విన్నారు.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ రోజున గేటు దగ్గర గొడవ వినిపించింది. జోగిపేట సంతలో కూరగాయలమ్మే భారతమ్మ వచ్చింది. మందు అందినవాళ్ళలో ఆమె ఒకతె. బుగ్గలో గడ్డకు కరెంటు పెట్టించుకుని, మళ్ళీ సంతలో కూర్చుని బీరకాయలు, వంకాయలు అని అరుస్తోందట. ఆ అరుపే ఆమె బతుకుతెరువు. ఇప్పుడు వాచ్‌మన్ మీద అరుస్తోంది. "మందు జేసిన అమ్మకు సత్తు ఇయ్యకుంట నేను కదల!"

మేడం తానే కిందికి దిగొచ్చారు. భారతమ్మ టిఫిను డబ్బా తెరిచింది. పెసర సత్తు, నువ్వుల సత్తు, పల్లి సత్తు. వేయించిన నువ్వుల వాసన బాయిలర్ వాసనను కూడా కప్పేసింది.

"ముందుగాల నువ్వు తిను" అన్నారు మేడం. "నీళ్ళు తాగకుంట."

భారతమ్మ గుప్పెడు పిండి నోట్లో పోసుకుంది. దూది ఉండలతో నేను ఉక్కిరిబిక్కిరైన పిండే అది. ఆమె బుగ్గలు ఆడాయి, గొంతు కదిలింది, ఇంకా సగం నోట్లో ఉండగానే "ఏందమ్మా, నా దిక్కు గట్ల సూస్తున్నవ్?" అనేసింది. పిండి తుంపర్లు మేడం కళ్ళద్దాల మీద పడ్డాయి. మేడం తుడుచుకోలేదు. ఆ పిండి మరకల వెనక కళ్ళు నిండి కారిపోతున్నాయి.

"ఇంత నాకు గూడ పెట్టు" అని దోసిలి పట్టారు. మరచెంబులోంచి నీళ్ళు పోసి పిండిని మెత్తగా కలుపుకుని తిన్నారు. "నాకు నానితేనే దిగుతది భారతమ్మా. నీకు ఒట్టిదే దిగింది, సాలు."

ల్యాబులోకి వచ్చాక నేను ఊరుకోక, ఆమె నేర్పిన పాఠమే ఆమెకు అప్పజెప్పాను. "ఒక్క మనిషి తింటే రుజువు గాదు గద మేడం?"

"రుజువు లెక్కలల్ల ఉన్నది, తెలుసు నాకు. ఇది పండుగ" అన్నారు. ఆ సాయంత్రం ఫ్యాక్టరీ ఆడవాళ్ళందరూ గేటు ముందు బతుకమ్మ ఆడారు. మేడం మరచెంబును మల్లేశం చేతికిచ్చి, వలయంలోకి వచ్చి చప్పట్లు కొట్టారు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. గడ్డ మాత్రం ఆమెను మళ్ళీ ముట్టుకోలేదు. నేనిప్పుడు వేరే చోట ఒక ల్యాబు చూసుకుంటున్నాను. ఫలితం తేడా కొట్టినప్పుడు పిల్లలు కంప్యూటర్ ముందు తలలు పట్టుకు కూర్చుంటారు. నేను లేచి ఎలుకల గదికి పోయి, దానా గిన్నెలో వేలు పెట్టి చూసి, వేసినవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడతాను. అరవను. కొత్తగా చేరినవాళ్ళకు బుగ్గల్లో దూది పెట్టి సత్తు తినిపించే ఆచారం కూడా సాగుతోంది. వాళ్ళు నన్ను వెనకాల ఆ సత్తు పేరుతోనే పిలుస్తారని నాకు తెలుసు, బాగానే ఉంది.

నిన్న కొంగులో తెచ్చిన చింతకాయల్లో ఒకటి ఇప్పుడు ఉప్పూ కారం అద్ది కొరికాను. పళ్ళు పులిసిపోయాయి. చెవుల కింద జివ్వుమని, నోరంతా నిండేలా ఊరింది. మేడం కోసం కాసేపు మింగకుండా అలాగే ఉంచుకున్నాను.